ఆ మాట తెలుగే

మా మామగారి పేరు కోదండరాం. చింతాద్రిపేటలో ఆ పేరు చెప్పి అడిగితే ఎవరూ ఇల్లు చూపించరు. 'తత్తువం సార్' అని అడగాలి. తత్వాన్ని తమిళంలో తత్తువం అంటారు. పెద్ద మాట చెప్పినవాణ్ని మెచ్చుకోవాలన్నా 'తత్తువం' అంటారు, ఊరికే కోతలు కోస్తున్నాడని వెక్కిరించాలన్నా అదే అంటారు. ఎవరు ఏ ఉద్దేశంతో పిలిచినా మా మామగారు మాత్రం మెప్పు కిందే వేసుకునేవారు. ఇంత సుఖమైన స్వభావం నాకెందుకు రాలేదా అని చాలాసార్లు కుళ్లుకున్నాను.

ఆయనది పటాలు కట్టే అంగడి. దేవుళ్లు, పార్టీ నాయకులు, పోయిన పెద్దలు, కొత్త పెళ్లిజంటలు, అందరికీ గాజు కోసి చట్రం బిగించి ఇవ్వడం ఆయన పని. వాళ్ల నాన్న పెట్టిన అంగడి. కాలేజీలో ఫిలాసఫీ చదవాలని ఎంతో ఆశపడి చేరారట. చేరిన ఏడాదే నాన్న పోయేసరికి పుస్తకాలు అటక మీద పెట్టి అంగట్లో కూర్చున్నారు. "చదువు ఆగింది గానీ ఆలోచన ఆగలేదమ్మా" అని ఇప్పటికీ అంటుంటారు. నిజమే, ఆగలేదు. ఆగి ఉంటే ఇంట్లో మాకు కాస్త విశ్రాంతి దొరికేది.

అంగడి ముందు ఒక నల్లబోర్డు ఉంటుంది. పొద్దున్నే మూడు భాషల పేపర్లూ చదివి, లోకం మీద తన తీర్పును దాని మీద తమిళంలో రాస్తారు. ఆలోచన వచ్చేది తెలుగులో, రాసేది తమిళంలో. అందుకని ఎదురింటి నాగప్పన్ గారు కాఫీ గ్లాసు పట్టుకుని వచ్చి అక్షరాలు దిద్దుతారు. ఆయన తమిళ పంతులుగా చేసి రిటైరయ్యారు. దిద్దేటప్పుడు ఆయన ముఖం చూడాలి, పిల్లలు లేని బడిలో ఉద్యోగం దొరికినంత ఆనందం.

బోర్డు మీది మాటల్ని నేను ఎగతాళి చేస్తాను గానీ, అన్నీ కొట్టిపారేసేవి కావు. ఎన్నికల రోజుల్లో ఇట్లా రాశారు: 'వేలికి సిరా పూసేది ఓటు వేసినందుకు గుర్తు కాదు. ఇంక ఐదేళ్లు ఏమీ అడగొద్దని గుర్తు.' దాని ముందు నిలబడి ఒక ట్రాఫిక్ పోలీసు కూడా నవ్వుకుంటూ పోయాడు. ఎన్నూరు ఏట్లో కరెంటు ఫ్యాక్టరీ బూడిద కలిసి చేపలు చచ్చి తేలాయని పేపర్లో పడ్డప్పుడు, 'ఆడ చేపకు ఊపిరాడకపోతేనే ఈడ నీ ఫ్యాను తిరుగుతుంది. ఫ్యాను కింద కూర్చుని చేప మీద జాలిపడకు' అని రాశారు. రాసి లోపలికొచ్చి, ఉక్కగా ఉందమ్మా, ఫ్యాను ఇంకొంచెం పెంచు అన్నారు. "చేప ఏమైపోవాలి మామా?" అన్నాను. నాతోపాటు ఆయనా నవ్వారు. తన మీద జోకు వేసినా నవ్వే మనిషి. నేను అంబత్తూరులో ఒక ఇంజినీరింగ్ కంపెనీ ఆఫీసులో చేరతానంటే మా అత్తమ్మ మూతి ముడిచిన రోజున, నా వైపు మాట్లాడింది ఆయనొక్కరే. మాట్లాడి ఊరుకోలేదు, నేను రైలుకు పరుగెత్తే వేళకు కూరగాయలు తరిగి పెట్టేవారు. ఆయన మంచివారు. ఇది ముందే చెప్పకపోతే తరవాత చెప్పేదానికి అర్థం ఉండదు.

ఇంకొకటి కూడా ముందే చెప్పాలి. నేను కాళహస్తి పిల్లని. పెళ్లై ఇక్కడికొచ్చిన కొత్తలో పక్కింటావిడ నా చేతి పులిహోర తిని "ప్రమాదం!" అంది. నేను కంగారుపడి నీళ్లకు పరుగెత్తాను. తమిళంలో ఆ మాటకు అద్భుతం అని అర్థమట. ఇంటిల్లిపాదీ నవ్వారు. మామగారు మాత్రం ఆ మధ్యాహ్నమంతా నన్ను కూర్చోబెట్టి, అటూ ఇటూ అర్థం మారే మాటలన్నీ చెప్పారు. మనకు అవసరం అంటే కావలసింది, వాళ్లకు అవసరం అంటే తొందర. "ఒకే మాట రెండిళ్లల్లో రెండు కాపురాలు చేస్తుందమ్మా, జాగ్రత్త" అన్నారు. అంటే ఈ విషయంలో మా ఇంట్లో నాకు గురువు ఆయనే.

మా వీధి ఊడ్చేది చెల్లమ్మ. ఆమె తాతలు నెల్లూరు వైపునుంచి ఈ పనికే వచ్చినవాళ్లట. మాతో తెలుగులో, వీధిలో మిగతావాళ్లతో తమిళంలో మాట్లాడుతుంది. రెండు భాషల్లోనూ నోరు గట్టిది. చెత్త కలిపేసి ఇస్తే బుట్ట వెనక్కి ఇచ్చేస్తుంది, ఎవరి ఇంటిదైనా సరే. మా మామగారి బోర్డు ముందు రోజూ బండి ఆపి చదివి, బాగుంటే తల ఊపి, బాగోకపోతే ఏమీ అనకుండా పోతుంది. ఆ తల ఊపు కోసం ఆయన అంగట్లోంచి ఓరగా చూసేవారు. కూతురు జెబ కాలేజీలో చదువుతోంది. ఆ పిల్లకు తెలుగు అర్థమవుతుంది, మాట్లాడమంటే మాత్రం తడబడి తమిళంలోకి దిగిపోతుంది.

ఊడ్చే ఆడవాళ్లకు వీధి మొదట్లో ఒక రేకుల షెడ్డు ఉండేది. అందులో చీర మార్చుకునేవాళ్లు, అన్నం డబ్బాలు పెట్టుకునేవాళ్లు, పక్కనే మరుగుదొడ్డి. రోడ్డు వెడల్పు చేసినప్పుడు అది పోయింది. ఇంకొకటి కడతామన్నారు, కట్టలేదు. ఒకరోజు చెల్లమ్మ అంగడి మెట్టు దగ్గర నిలబడి మామగారిని నేరుగా అడిగింది.

"సారు, రీడింగ్ రూము ఎనక ఒక గది ఉండాది గదా. దొడ్డి కూడా ఉండాది. ఊరికే పడుండాది. అది మాకు ఇప్పించండి."

"అది సంఘం వాళ్లది గదమ్మా."

"సంఘంలో మీరూ ఉండారు గదా. మేము లారీ చాటున చీర మార్చుకుంటా ఉండాం సారు. పొద్దున్నుంచి నీళ్లు తాగేదిలే. తాగితే పోవాల గదా, యాడికి పోయేది? మాతో ఊడ్చే రాసాత్తికి మొన్న కళ్లు తిరిగి బండి మీద పడింది. మీరు మాట్లాడితే నలుగురు ఇంటారు."

మీరు మాట్లాడితే నలుగురు వింటారు. మా మామగారితో ఇంతకంటే తియ్యటి మాట పెళ్లిలో మా అత్తమ్మ కూడా అని ఉండదు. అయితే ఒక్క ఆ సంతోషంతోనే ఒప్పుకున్నారంటే అన్యాయం. నీళ్లు తాగడం లేదన్న మాటకు ఆయన నిజంగా కదిలిపోయారు. ఆ పూట అన్నం దగ్గర నీళ్ల గ్లాసు వైపు చూస్తూ కూర్చున్నారు.

వీధి సంఘం సెక్రెటరీ విజయకుమార్. ఆటో విడిభాగాల వ్యాపారం. అతనికి ఆ గది ఇవ్వడం ఇష్టం లేదు. "ఇయ్యాల గది అంటారు, రేపు హక్కు అంటారు, ఆ తరవాత వాసన మనం పీల్చాలి" అని ముందే అందరి చెవుల్లో వేశాడు. అందులో విరిగిన కుర్చీలు, పాత బ్యానర్లు తప్ప ఏమీ లేవు. వాటి మీద ఉన్నట్టుండి అతనికి ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది.

మీటింగు ఆదివారం పెట్టారు. ఆ వారమంతా బోర్డు మీద సమానత్వమే. 'జాలి పైనుంచి పడుతుంది, గౌరవం పక్కన వచ్చి కూర్చుంటుంది' అని ఒకరోజు రాశారు. చెల్లమ్మ ఆ రోజు రెండుసార్లు తల ఊపింది. ఇంట్లో అద్దం ముందు నిలబడి ప్రసంగం అప్పజెప్పుకున్నారు. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో మా అత్తమ్మకు కూడా కంఠతా వచ్చేసింది. ఆయన "గౌరవం" అనగానే ఆమె వంటింట్లోంచి "ఈడ చెయ్యి ఎత్తాల" అనేది.

ఆదివారం రీడింగ్ రూము నిండిపోయింది. నేనూ అత్తమ్మా వెనక కూర్చున్నాం. మామగారు ముందు వరసలో ఉన్నారు. పక్క కుర్చీలో ఆయన భుజాన వేసుకునే తుండుగుడ్డ ఉంది. చెల్లమ్మ వచ్చింది. యూనిఫాం కాదు, ఉతికి గంజి పెట్టిన పచ్చ చీర, తల్లో మల్లెలు. వెంట జెబ. వెనకాల ఖాళీ లేదు. చెల్లమ్మ ఏమాత్రం సంకోచించకుండా ముందు వరసకు నడిచి, తుండు తీసి, "ఇదో, మీది సారు" అని ఆయనకు అందించి, ఆ కుర్చీలో కూర్చుంది. ఆయన తుండు అందుకున్నారు. భుజాన వేసుకోలేదు. ఒళ్లో పెట్టుకోలేదు. మడిచి కుర్చీ కింద పెట్టారు. నేను చూశాను. ఉక్కపోతకు కాబోలు అనుకున్నాను, అనుకోవడానికి అదే హాయిగా ఉంది కాబట్టి.

తరవాత ఆయన లేచి మాట్లాడారు. చాలా బాగా మాట్లాడారని ఒప్పుకోవాలి. ఎండలో ఊడ్చేవాళ్లు దాహాన్ని దాచుకోవలసిన ఊరు ఊరేనా అని అడిగారు. కుర్చీల్లో జరిగి కూర్చున్నారు జనం. విజయకుమార్ ఫోను చూసుకోవడం మానేశాడు. ఇంక పని అయిపోయినట్టే అనుకున్నాను. అప్పుడు ఆయన చెయ్యి చెల్లమ్మ వైపు చాచి, తమిళంలో ఇట్లా అన్నారు: "వీళ్లెవరు? కేవలం చెత్త ఎత్తేవాళ్లు. అయినా మనుషులే కదా!"

గదిలో తలలన్నీ చెల్లమ్మ వైపు తిరిగాయి.

తెలుగువాళ్లకు కేవలం అంటే ఏముంది, ఊరికే, మాత్రమే. తమిళంలో కేవలం అంటే నీచం. వెధవ పని చేసినవాణ్ని పట్టుకుని అనే మాట. పుస్తకాల్లో పాత అర్థం ఏదో ఉందంటారు గానీ, వీధిలో ఆ మాట ఎవరి ముఖం మీద పడ్డా చెంపదెబ్బే. మా మామగారు మైకులో, అందరి ముందూ, ఆమె వైపు చెయ్యి చూపించి ఆ మాట అన్నారు.

జెబ లేచి నిలబడింది.

"యారు సార్ కేవలం?"

ఎవరు సార్ నీచం, అని. అంత చిన్న ప్రశ్న. వెనకనుంచి ఎవరో "కరెక్టు కేట్టా" అన్నారు, సరిగ్గా అడిగింది అని. ఇంకెవరో ఆ పిల్లను కూర్చోమని కసిరారు. దానికి ఇంకొకరు లేచారు. అందరూ ఒకేసారి అరవడం మొదలుపెట్టారు. విజయకుమార్ ముఖం వెలిగిపోయింది. గొడవగా ఉంది, ఈ విషయం ఇంకో నెలలో చూద్దాం అని మైకు అందుకోబోయాడు. ఆ నెల ఎప్పటికీ రాదని అందరికీ తెలుసు.

"నిల్లుంగ, నిల్లుంగ" అన్నారు మామగారు, ఆగండి ఆగండి అని. ముఖాన చెమట. "నేను తెలుగువాణ్ని. తెలుగులో ఆ మాటకు అర్థం వేరు. మట్టుం అని అర్థం, మాత్రమే అని. అలవాటులో వచ్చేసింది."

నాగప్పన్ గారు లేచారు. పంతులు కదా, అర్థం తేలందే వదలరు. "ఇది నిజమా? తెలుగు తెలిసినవాళ్లు చెప్పండి" అన్నారు. నేను లేవబోయాను. "మీ ఇంటివాళ్ల సాక్ష్యం చెల్లదు" అన్నాడు విజయకుమార్. అప్పుడు అందరి చూపులూ ఒకచోటికే పోయాయి. ఆ గదిలో మా ఇంటివాళ్లు కాకుండా తెలుగు బాగా తెలిసిన మనిషి చెల్లమ్మ ఒక్కతే. దెబ్బ తిన్నదీ ఆమే, దెబ్బ కాదని చెప్పవలసిందీ ఆమే. నాకు ఆ క్షణంలో నేల మీద చూపు నిలపడం కూడా సిగ్గనిపించింది.

చెల్లమ్మ కూర్చునే మా మామగారి ముఖంలోకి చూసింది. తరవాత నాగప్పన్ గారి వైపు తిరిగింది.

"ఆమా సార్. తెలుగులో కేవలం అంటే మట్టుమే. సారు తప్పుగా ఏమీ సొల్లలే." అవును, సారు తప్పుగా ఏమీ అనలేదని. ఆపైన కూతురి చెయ్యి పట్టి లాగింది. "ఉక్కారుడి."

కూర్చోవే అని. జెబ కూర్చుంది. గదంతా ఒక్కసారి ఊపిరి వదిలి నవ్వేసింది. అయ్యో పాపం, భాష చేసిన చిలిపితనం అన్నారు నాగప్పన్ గారు. ఇంతసేపు అరిచినందుకు అందరికీ మొహమాటం వచ్చింది, ఆ మొహమాటంలో చేతులు తేలిగ్గా లేచాయి. వెనకగది ఊడ్చేవాళ్లకు ఇవ్వాలని తీర్మానం అయింది. కుర్చీలు తీయించి, సున్నం కొట్టించి, వచ్చే ఆదివారం తాళం చేతికిస్తామన్నారు. విజయకుమార్ కూడా చెయ్యెత్తాడు, సగం వరకు. చివరికి ఒక శాలువా తెచ్చి మా మామగారికి కప్పి చప్పట్లు కొట్టారు. ఆయన ఆ శాలువాలో చలిజ్వరం వచ్చినవాడిలా నిలబడ్డారు.

ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. ఎండ తగ్గాక నేను మిద్దె మీద ఒడియాలు ఎత్తుతుంటే వచ్చి గోడకానుకుని నిలబడ్డారు.

"కస్తూరీ, నేను పుట్టింది ఈడే గదమ్మా."

"అవును మామా."

"పెరిగింది ఈడే. గిరాకీతో అరవం, పోలీసోడితో అరవం, కోపమొస్తే తిట్టేది అరవం. కేవలం అంటే అరవంలో ఏమో నాకు తెలీదంటావా?"

నాకు ఆ పాఠం చెప్పినాయన కదా ఎదురుగా ఉన్నది.

"నోరు జారి ఉంటుంది మామా."

"జారలా. నేను రాసుకున్నదాంట్లో ఆ మాట లేదు. ఆ తుండు చూసినావా నువ్వు?"

"చూశాను."

"మైకులో సమానం అంటా ఉండా, లోపల ఆ తుండును ఇంటికి ఎట్ల తీసుకపోయేదా అని చూస్తా ఉండా. ఆమె వచ్చి పక్కన కూర్చుంటే నా ఒళ్లు ముడుచుకుంది. నేను పిలవలా, అడగలా, అదే ముడుచుకుంది. ఇన్నేండ్లు బోర్డు మీద రాసిందంతా ఏమైపోయిందో తెలీలా. ఆడనుంచి వచ్చింది ఆ మాట. దానికి ఏం అర్థమో ఆ అర్థంతోనే వచ్చింది."

గోడ పెచ్చును గోటితో గీకుతూ మళ్లీ అన్నారు.

"సరే, వచ్చింది. అడిగినప్పుడు తప్పయిందని ఒప్పుకుంటే పోయేది గదా. తెలుగును అడ్డం పెట్టుకున్నా. మా నాయన మాట్లాడిన భాష వెనక పోయి దాక్కున్నా. ఆమెకి తెలుసమ్మా. నా మొగం చూసి తెలుసుకునే చెప్పింది."

ఆయన్ని ఓదార్చాలని నాకు అనిపించలేదు. జాలి వేసింది, కోపం వచ్చింది, అన్నిటికన్నా ఎక్కువగా సిగ్గేసింది. ఆ తుండును నేనూ చూశాను, ఉక్కపోత అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఒడియాల పళ్లెం తీసుకుని కిందికి దిగిపోయాను.

మర్నాడు ఆయన అందరికంటే ముందు లేచి అంగడి తెరిచారు. నేను స్టేషనుకు బయల్దేరేసరికి బోర్డు మీద పెద్ద అక్షరాలు: 'నిన్న నేను అన్న మాట తమిళమే. తప్పు భాషది కాదు, నాది.' నాగప్పన్ గారింకా రాలేదు. అక్షరదోషాలు కూడా ఉన్నట్టున్నాయి. ఆయన బోర్డు పక్కన నిలబడి ఉన్నారు. ముఖంలో ఎన్నడూ లేని ప్రశాంతత. ఆ ముఖం చూసి నాకూ బరువు దిగినట్టయింది. ఎంత లేదన్నా మా మామగారు కదా, గర్వంగా కూడా అనిపించింది.

చెల్లమ్మ బండి వచ్చింది. ఎప్పటిలాగే ఆగి చదివింది. తల ఊపలేదు. చేతికున్న రబ్బరు తొడుగు తీసి, అరచేత్తో బోర్డును ఈ చివరనుంచి ఆ చివరకు తుడిచేసింది.

"ఏమ్మా ఇది?" అన్నారు మామగారు.

"నేను అడగాల ఆ మాట. ఏం సారు ఇది?"

"నిజం చెప్పాల గదా చెల్లమ్మా. నువ్వు నా కోసం అబద్ధం చెప్పి..."

"మీ కోసమా?" ఆమె నవ్వలేదు. "నేను రూము కోసం చెప్పినా సారు. ఈ రాతను విజయకుమార్ చూస్తే మళ్లీ మీటింగు అంటాడు. ఆ మీటింగులో మీ మాట గురించి కొట్టుకుంటారు, మా దొడ్డి గురించి ఎవరూ మాట్లాడరు. మీ మనసు తేలికవుతాది. మా రూము పోతాది."

మామగారు చేతిలో సుద్దముక్కను అటూ ఇటూ తిప్పుతూ నిలబడ్డారు.

"నీకు కోపం లేదా?"

"ఎందుకు లేదు? ఉండాది. దానికి ఇప్పుడు టైం లేదు."

"జెబకైనా చెప్పుకుంటా. ఆ బిడ్డ మొగం నిద్రపోనిస్తా లేదు నన్ను."

"దాని నోరు మీకు తెలీదు సారు, నా నోరు దాని ముందర ఏమీ కాదు. సాయంత్రానికి కాలేజీ అంతా తెలుస్తాది. దానికీ మట్టుమనే చెప్పినా, నమ్మింది. అట్లే ఉండనీండి." తొడుగు మళ్లీ వేసుకుంది. "తాళం మా చేతికొచ్చేదాకా మీరన్న మాట తెలుగే. తెలిసిందా సారు?"

"తెలిసింది" అన్నారు ఆయన, చిన్నపిల్లవాడిలా.

ఆమె బండి తోసుకుంటూ పోయింది. ఒప్పుకుంటే బరువు దిగిపోతుందని మేమిద్దరం ఎంత తేలిగ్గా అనుకున్నామో, ఆ బరువు దిగేది ఎవరి నెత్తి మీదికో ఇద్దరికీ తోచలేదు. నాగప్పన్ గారు కాఫీ గ్లాసుతో వచ్చి ఖాళీ బోర్డు చూసి, "ఎన్న తత్తువం, ఇయ్యాల ఏమీ లేదా?" అన్నారు. ఒంట్లో బాగా లేదన్నారు మామగారు.

ఆ వారం ఆయనకు పరీక్షే. వీధిలో ఎవరు కనబడినా ఆ ముచ్చటే. టీ అంగడి దగ్గర దాన్ని జోకు చేసేశారు, 'తత్తువం సార్‌కి కేవలం ఒక టీ' అని. అందరూ ప్రేమగా నవ్వేవాళ్లు. ఆయనా నవ్వవలసి వచ్చేది. నవ్వి, టీ తాగకుండా గ్లాసు పెట్టేసి వచ్చేవారు. శాలువా కప్పిన ఫోటోను నాగప్పన్ గారు ప్రింటు తీయించి తెచ్చి, పటం కట్టుకోమని ఇచ్చారు. అది గాజుముక్కల కింద పడి ఉంది.

శుక్రవారం నేను అంబత్తూరునుంచి త్వరగా వచ్చాను. అంగట్లో మామగారు ఎవరిదో పెళ్లి ఫోటోకు చట్రం బిగిస్తున్నారు. నేను పక్కన కూర్చుని గాజు తుడిచి ఇస్తున్నాను. మెట్టు దగ్గర జెబ వచ్చి నిలబడింది, కాలేజీ సంచితోనే.

"అంకుల్" అంది. తరవాత ఊపిరి పీల్చుకుని, ఎన్నడూ లేనిది తెలుగులో మొదలుపెట్టింది. ఒక్కో మాటా వెతుక్కుంటూ. "నేను... మీకు సారీ చెప్పేదానికి వచ్చినా."

మామగారి చేతిలో సుత్తి ఆగిపోయింది.

"ఆ పొద్దు నేను అందరి ముందర మిమ్మల్ని కత్తేసినా... అరిచేసినా. నాకు తెలుగు సరిగా తెలీదు. అమ్మ తెలుగులో అడిగితే నేను తమిళ్‌లో చెప్తా, ఎప్పుడూ అంతే. మీరు మాకోసం మాట్లాడినారు, నేనేమో తప్పుగా నినైచ్చా... అనుకున్నా. పెద్దవాళ్లు మీరు. మన్నించండి అంకుల్."

ఆయన నోరు తెరిచారు. ఏదో చెప్పబోయారు. ఏం చెప్పబోతున్నారో నాకు తెలుసు, చెప్పకూడదనీ తెలుసు, చెప్పేస్తే బాగుండుననీ ఉంది. తాళం రావడానికి ఇంకా ఆదివారం రావాలి. వీధి చివర విజయకుమార్ అంగడి తెరిచే ఉంది. ఆ పిల్ల ఎదురుగా కళ్లు పెద్దవి చేసుకుని నిలబడి ఉంది, మన్నింపు కోసం.

"పర్లేదమ్మా" అన్నారు మామగారు.

ఇన్నేళ్లలో ఆయన నోట ఎన్నో మాటలు విన్నాను. ఇంత కష్టపడి అన్నది ఇదొక్కటే.

జెబ ముఖం విచ్చుకుంది. "నిజంగా కోపం లేదు గదా? నేను తెలుగు నేర్చుకుంటా అంకుల్. ఇట్ల మళ్లీ తప్పు చేయకూడదు. కేవలం అంటే మట్టుందానే?"

"అవునమ్మా."

"ఒక వాక్యం చెప్పండి దాంతో. సరిగ్గా ఎట్ల వాడేదో."

మామగారు సుత్తి కింద పెట్టారు. ఎప్పుడు ఏది అడిగినా వాక్యం సిద్ధంగా ఉండే మనిషి, చాలాసేపు తన చేతుల్నే చూసుకున్నారు. వేళ్ల సందుల్లో చెక్కపొట్టు ఉంది. అప్పుడు తెలుగులో, మెల్లగా చెప్పారు.

"నేను కేవలం పటాలు కట్టేవాణ్ని."

ఆ పిల్ల పెదాలు కదుపుతూ మనసులో అనుకుంది. ఆయన వైపు వేలు చూపించి, తప్పు రాకుండా, శ్రద్ధగా, నవ్వుతూ అప్పజెప్పింది.

"మీరు కేవలం. పటాలు కట్టేవారు. కరెక్టా అంకుల్?"

మధ్యలో ఎక్కడ ఆగకూడదో ఆమెకు తెలియదు. మామగారు దిద్దలేదు.

"కరెక్టే తల్లీ" అన్నారు.